శివారు గదికి వైఫై

మచిలీపట్నం,
జూన్ 3.

మహాలక్ష్మీ సమానురాలు, లెక్కల్లో సరస్వతి, మా అమ్మకి ఏకైక చెల్లెలు అయిన ఝాన్సీ పిన్నికి,

ఇంతవరకు నేను చేసిన ఘోరాలన్నిటిలోకీ ఈ ఉత్తరం ఘోరమైనది. దీనివల్ల మీ నాగాయలంకలో కొన్ని సీరియళ్ళు మధ్యలో ఆగిపోవచ్చు. క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో బంతి గాల్లోనే ఉండిపోవచ్చు. అన్నదమ్ముల్లా ఉన్న ఇళ్ళు మొహాలు తిప్పుకోవచ్చు. జరగబోయే ఈ సమస్త ఉపద్రవాలకీ చేతులు జోడించి, కన్నీళ్ళతో ముందే క్షమాపణ కోరుతున్నాను. కన్నీళ్ళు నిజమే, పక్కన అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.

ఇక విషయం. నిన్న సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. నాకు వినిపించింది ఇంతే: "గిరీ... క్లాసు మధ్యలో... నాలుగు సార్లు... పాస్‌వర్డ్... ఉద్యోగం కాస్తా..." ఆ తర్వాత మీ మావయ్యగారి గొంతు: "ఎవరమ్మాయ్? బందరు వాళ్ళా? స్పీకర్ పెట్టు, స్పీకర్ పెట్టు!" ఆ తర్వాత మీ అరుగు మీదున్న అరడజను మంది కలిసి నాకు హలో చెప్పారు. నేనూ ఆరుగురికీ విడివిడిగా హలో చెప్పి, ఆరుగురి ఆరోగ్యాలూ కనుక్కుని పెట్టేశాను. నీ సంగతి మాత్రం తెలియలేదు.

వాట్సాప్ చేస్తే నీకు చేరకుండా ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఉత్తరం. మీ మావయ్యగారు, మా వెంకటాద్రి తాతగారిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఫోన్ ఎవరిదైనా ఎత్తుతారు గానీ, కవరు మీద ఎవరి పేరుంటే కవరు వాళ్ళ చేతికే ఇస్తారు. ఇరవై ఏళ్ళు నీటి సంఘం ప్రెసిడెంటుగా రైతుల అర్జీలు అందుకున్న మనిషి. కాయితానికి ఇచ్చే మర్యాద మనిషికి ఇవ్వరు.

కాబట్టి నీ కష్టం కాయితం మీద పెట్టు. బి.టెక్ పట్టభద్రుడు, ప్రస్తుతం చిలకలపూడిలో నాన్న రోల్డ్‌గోల్డ్ షాపులో గాజులు తుడుస్తున్న మహా ఇంజనీరు నీ వెనక ఉన్నాడు.

నీ అక్క కొడుకు,
గిరిధర్.


నాగాయలంక,
జూన్ 9.

ఒరేయ్ గిరీ,

నీ ఉత్తరం మావయ్యగారే తెచ్చి రెండు చేతులతో ఇచ్చారు. "కుర్రాడి దస్తూరీ గుండ్రంగా ఉందమ్మాయ్, బాగుపడతాడు" అన్నారు. ఆయన చదివింది అడ్రసు మాత్రమే కాబట్టి ఆ మాట అనగలిగారు.

లెక్కల టీచర్ని, ముందు దత్తాంశం రాస్తాను. అవనిగడ్డలో నేను పన్నెండేళ్ళు పనిచేసిన స్కూలు మార్చిలో మూసేశారని నీకు తెలుసు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ముందు ఒక గంట క్లాసు చెప్పి చూపించాలి. వాళ్ళ మనిషి ఒకావిడ ఆన్‌లైన్‌లోనే కూర్చుని గమనిస్తుంది. మే నెలాఖర్లో చెప్పాను. గంటలో నాలుగు సార్లు తెగిపోయింది. అవతల పుణేలో ఉన్న తెలుగు పిల్ల, తొమ్మిదో తరగతి, "టీచర్, మీరు నోరు తెరిచి బొమ్మలా ఆగిపోయారు" అని నవ్వింది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. జూలై ఇరవై ఆరు, శనివారం, సాయంత్రం నాలుగింటికి. అదే ఆఖరు.

నెట్ ఎందుకు రాదో విను. కాలవలో నీళ్ళ మట్టం ఫోన్లో చూసుకోవడానికని మావయ్యగారు జనవరిలో వైఫై పెట్టించారు. పెట్టిన మనిషి పాస్‌వర్డ్ ఏం కావాలని అడిగితే, మా పాత ల్యాండ్‌లైన్ నంబరు చెప్పారు. ముప్పై ఏళ్ళ కిందట వీధి మొత్తానికీ ఆ ఒక్క ఫోనే. పెళ్ళి సంబంధాలూ చావు కబుర్లూ అన్నీ దాని మీదే వచ్చేవి. పెద్దవాళ్ళందరికీ కంఠతా వచ్చు. రాని వాళ్ళ కోసం అరుగు మీద పలక మీద రాసి పెట్టారు. ఒకప్పుడు ఏ రైతుకి ఏ రోజు నీటి వంతో రాసే పలక అదే. వీధిలో అందరికీ బాగా అందాలని డబ్బాని అరుగు కిటికీలోనే పెట్టించారు. అడిగితే కాదనడం ఈ ఇంట్లో లేదు కదా!

ఎదురుగా మీరా సాహెబ్ గారి టైలరింగ్ షాపులో పొద్దుణ్ణుంచీ పాటలు. పక్కింటి కృపాకుమారి గారికి సీరియళ్ళు. అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు కూడా మా చూరు కిందికి చేరి ఫోన్లు తీస్తారు. నా గది ఎక్కడో తెలుసుగా. హాలు దాటి, వంటిల్లు దాటి, పెరటి పక్కన.

మావయ్యగారిని అడగొచ్చు కదా అంటావు. అడిగితే ఆయన ఒకే మాట అంటారు: "ఎవరికి ఆపమంటావమ్మాయ్, పేరు చెప్పు." నేను ఎవరి పేరు చెప్పను? పైగా ఈ ఉద్యోగం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, మీ బాబాయ్‌కి తప్ప. క్రితంసారి కాలేజీ ఇంటర్వ్యూ పోయినప్పుడు వీధి వీధంతా నన్ను నెల రోజులు ఓదార్చింది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఆ ఓదార్పు ఒక ఎత్తు. బాబాయ్ రొయ్యల చెరువుల మీదే ఉంటున్నారు. ఆదివారం వచ్చినప్పుడు చెప్తే, "మా నాన్నకి చెప్పడం నావల్ల కాదు" అని అన్నం కలుపుకున్నారు.

పాస్‌వర్డ్ ఎలా మార్చాలో రాయి. జోకులు తగ్గించు.

పిన్ని.


మచిలీపట్నం,
జూన్ 12.

పిన్నీ,

జోకులు తగ్గించమన్నావు. తగ్గించాను. ఇది తగ్గించాక మిగిలిన ఉత్తరం.

ఆ డబ్బాని తిరగేసి చూడు. అడుగున చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద చుక్కలతో విడగొట్టిన అంకెలు ఉంటాయి, అది డబ్బా చిరునామా. నీ ఫోన్ని వైఫైకి కలిపి, మామూలుగా ఏదైనా వెతికే చోట ఆ అంకెలు కొట్టు. లోపలికి రావాలంటే పేరూ రహస్యమూ చెప్పమంటుంది. అవీ స్టిక్కర్ మీదే ఉంటాయి. తాళం వేసి తాళంచెవిని తలుపుకే వేలాడదీశారు, మహానుభావులు. లోపల వైర్‌లెస్ అని ఒక మాట కనిపిస్తుంది. అందులోకి వెళ్ళి, పాత పాస్‌వర్డ్ చెరిపి, కొత్తది కొట్టి, సేవ్ నొక్కు. అంతే. ఆ క్షణాన వీధిలో ఉన్న ఫోన్లన్నీ పండుటాకుల్లా రాలతాయి.

నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో నేను నేర్చుకున్న విద్య మొత్తం పై పేరాలో ఉంది. ఫీజు కట్టిన నాన్నకి మాత్రం చూపించకు.

కొత్త పాస్‌వర్డ్ బాబాయ్ పేరూ వద్దు, పుట్టినరోజూ వద్దు. మీ వీధికి మీ ఇంటి పుట్టినరోజులన్నీ తెలుసు, కేకు తిన్నవాళ్ళే కదా.

విజయోస్తు.

గిరి.


నాగాయలంక,
జూన్ 20.

గిరీ,

మార్చాను. ఓడిపోయాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి, మావయ్యగారు కునుకు తీస్తుండగా నువ్వు చెప్పినట్టే చేశాను. గంటన్నర సేపు వెనక గదిలో నెట్ ఎలా వచ్చిందనుకున్నావు! అలవాటు లేక భయం వేసింది. త్రికోణం బొమ్మ గీస్తే గీసినట్టు అవతలికి వెళ్ళిపోతోంది.

నాలుగున్నరకి మీరా సాహెబ్ గారు టేపు మెడలో వేసుకుని వచ్చారు. "అన్నయ్యగారూ, నెట్టు పోయిందండీ." మావయ్యగారు లేచి పలక దగ్గర నిలబడ్డారు. "నువ్వు తప్పు కొట్టి ఉంటావు సాహెబూ. నేను చదువుతా, కొట్టు." కొట్టారు. రాలేదు. కృపాకుమారి గారొచ్చారు. ఆవిడకీ చదివారు. "ఏడు కాదమ్మా, ఒకటి. ఒకటి కొట్టు." ఇలా పదకొండు మందికి, ఒక్కొక్కరికీ, కళ్ళజోడు సర్దుకుని మరీ చదివారు. తప్పు నంబరులో ఉందేమో అన్న అనుమానం ఆయనకి ఒక్కసారి కూడా రాలేదు. ఆఖరికి బస్సు కోసం నిలబడ్డ ఎవరో పరాయి ఊరి మనిషి, "ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పచ్చు కదండీ" అని వెళ్ళిపోయాడు.

గిరీ, ఆ మాటకి ఆయన మొహం చూడలేకపోయాను. పలక మీద అంకెల్ని తుడిచి మళ్ళీ అవే అంకెలు రాస్తున్నారు, సుద్ద అరిగిందేమో అన్నట్టు.

కేబుల్ నాంచారయ్య వచ్చి డబ్బా వెనక చిల్లులో పిన్నీసు పెట్టి పది అంకెలు లెక్కపెట్టాడు. నేను చేసిందంతా తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ ల్యాండ్‌లైన్ నంబరే. పోతూ పోతూ నా వైపు ఒక చూపు చూసి, "కరెంటు ఎక్కువ తక్కువలకి అలా అవుతుందండీ ప్రెసిడెంటు గారూ" అన్నాడు. వాడి కడుపు చల్లగా ఉండాలి.

దొంగతనంగా ఇంకోసారి చెయ్యను. ఆయన్ని అరుగు మీద అలా నిలబెట్టి వచ్చే ఉద్యోగం నాకొద్దు. అలాగని ఉద్యోగం వద్దని కాదు. ఏంటో, ఈ లెక్క నాకు తెగట్లేదు. నెల రోజులే ఉంది.

నీకు వేరే పని. అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అని గుడివాడలో వందన వదిన ఇంటికి తీసుకెళ్ళారు. నేను కదల్లేను. నువ్వెళ్ళి ఒకసారి చూసి రా. ఆవిడకి నువ్వంటే ఇష్టం, కారణం నాకు తెలియదు. ఈ గొడవ మాత్రం ఆవిడ చెవిన వెయ్యకు. ఆవిడ నా వైపు మాట్లాడితే మావయ్యగారికి కోపం, ఆయన వైపు మాట్లాడితే నాకు ఏడుపు. ఎవరి వైపూ మాట్లాడకపోతే ఇంకా ఏడుపు. అందుకని చెప్పకు.

పిన్ని.


గుడివాడ,
జూలై 3.

పిన్నీ,

మామ్మగారిని చూశాను. కుడి కన్ను బాగుంది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద కూర్చుంటే పోలీసు ఆఫీసర్‌లా ఉన్నారు. పుస్తకాలు, టీవీ చూడకూడదన్నారట. వందన అత్తయ్య పెసరట్లు వేసింది, నాలుగు తిన్నాను. వాన వచ్చేట్టుంది.

ఇక్కడ విశేషాలేమీ లేవు. ఏమీ జరగలేదు.

గిరి.


నాగాయలంక,
జూలై 12.

ఒరేయ్ దొంగా!

"విశేషాలేమీ లేవు" అట! నాలుగు ముక్కల ఉత్తరం నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మొన్న మంగళవారం మావయ్యగారి పేర రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. గుడివాడ ముద్ర. సంతకం పెట్టి తీసుకుని, నిలబడే విప్పారు, నిలబడే చదివారు. తర్వాత కూర్చుని ఇంకోసారి చదివారు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బల్ల మీద ఉంటే నేను ఎత్తి రాసుకున్నాను. నీకు తెలియనిదా ఏంటి, అయినా చదువుకో:

"నీటి సంఘం మాజీ అధ్యక్షులు శ్రీ వెంకటాద్రి గారి సముఖమునకు శివారు వినియోగదారు సమర్పించుకొను అర్జీ. అయ్యా, తమ ఇంటి వైఫై కాలవకు తల దగ్గర అరుగు, ఆ పైన వీధి, ఎదురు షాపు, బస్సు స్టాపు కలవు. చిట్టచివర వెనక గది కలదు. తల దగ్గర ఎవరికి ఎన్ని తూములు కావలెనన్నా పెట్టుకొనుటకు తమరు పలక మీద అనుమతి రాసి ఇచ్చియున్నారు. శివారుకు చుక్క చేరుట లేదు. ఆ గదిలో ఒక మనిషికి పంట ఉన్నది. ఈ నెల ఇరవై ఆరున సాయంత్రం నాలుగు గంటలకు దానికి ఒక తడి తప్పనిసరి. అందనిచో పంట పోవును. ఎగువన పొర్లిపోవుచుండగా దిగువన ఎండుట ఏ చట్టములో ఉన్నదని తమరే ఒకనాడు లాకుల మీద నిలబడి అడిగియున్నారు. అదే ప్రశ్న ఇప్పుడు తమరిని అడుగుచున్నాము. ఎవరికీ ఆపమని కోరుట లేదు. వంతు పెట్టమని కోరుచున్నాము. తమరు వంతు పెట్టిన కాలవ మీద మాట దాటిన రైతు లేడు. స్థలము తనిఖీ చేసి న్యాయము చేయగలరు. ఇట్లు, శివారు వినియోగదారు."

స్నానం నుంచి వచ్చి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు గిరీ. తనిఖీ అంటే ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి కదా. నాంచారయ్యని పిలిపించి, కాయితం కలం ఇచ్చి, తను ఫోన్ పట్టుకుని అరుగు మీంచి బయల్దేరారు. వెనకటికి కాలవ గట్టు మీద మట్టం కర్ర పట్టుకుని నడిచినట్టే.

"అరుగు, నాలుగు గీతలు. రాసుకో. హాలు, మూడు. వంటిల్లు... నాంచారయ్యా, ఇది రెండా ఒకటా?"

"రెండు పడి ఒకటవుతోందండీ."

"ఒకటి రాయి."

వెనక గది గుమ్మంలోకి వచ్చారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళు, ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. నా బల్ల, గోడకి ఆనించిన బోర్డు, దాని మీద "జూలై 26, నాలుగింటికి" అని ఎర్ర సుద్దతో రాసుకున్నది, అన్నీ చూశారు. ఫోన్ వైపు చూశారు. ఒక్క గీత, అదీ ఉండి ఉండి ఆరిపోతోంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మాయ్?"

"మూడు నెలల నుంచండీ."

"మరి అర్జీ పెట్టలేదేం?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇంట్లో వాళ్ళు అర్జీ పెడతారా మావయ్యగారూ?" అన్నాను. ఉద్యోగం సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. జూన్‌లో పాస్‌వర్డ్ మార్చింది నేనేనని కూడా చెప్పాను. నాంచారయ్య కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆయన వెనక్కి తిరిగి అరుగు వైపు చూశారు. తర్వాత నాంచారయ్యతో, "ఇరవై ఏళ్ళు ఎగువ వాళ్ళని తిట్టానయ్యా నేను. ఎగువ వాడు నా అరుగు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు" అన్నారు.

ఆ రోజే పని మొదలైంది. డబ్బాని అరుగు కిటికీలోంచి తీయించి నడింట్లోకి మార్పించారు. ఆ డబ్బాలో వచ్చేపోయే వాళ్ళ కోసం రెండో లైను కూడా ఉంటుందని నాంచారయ్య చెప్పాడు. ఆ ముక్క నీ నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో లేదా? మావయ్యగారికి ఇట్టే అర్థమైంది. మొదటిది మెయిన్ కాలవట, రెండోది పంట బోదెట. బోదెకి పాత ల్యాండ్‌లైన్ నంబరే ఉంచారు, వీధికి మాట పోకుండా. మెయిన్ కాలవకి కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. నన్ను డబ్బా దగ్గర కూర్చోబెట్టి, తను గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"అదేంటి మావయ్యగారూ, మీరు చూడరా?"

"నాకు చెప్పకమ్మాయ్. చెప్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు అడుగుతారు. నేను కాదనలేను."

ఆయన ఫోన్లో కూడా నేనే కొట్టి ఇచ్చాను. పలక మీద ఇప్పుడు ఇలా ఉంది: "సాయంత్రం 4 నుంచి 7 వరకు శివారు వంతు. ఆ వేళలో బోదె మూయబడును." సాహెబ్ గారు చదివి, "వంతంటే వంతే అన్నయ్యా, ముందే పెట్టాల్సింది" అన్నారు. ఒక్కళ్ళు కిక్కురుమనలేదు. కృపాకుమారి గారైతే, "నా సీరియల్ ఏడున్నరకి, నాకేం అడ్డం" అన్నారు.

తేదీ నీకూ బాబాయ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. బాబాయ్ అర్జీ రాసే మనిషి కాదు. ఆ గ్రాంథికం ఎక్కడ నేర్చావురా? మావయ్యగారు మాత్రం ఎవరు రాశారని ఎవర్నీ అడగలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

పిన్ని.


మచిలీపట్నం,
జూలై 15.

పిన్నీ,

ప్రశంసలు అందాయి. గొప్పవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరు. అందుకని నేనేమీ చెప్పను. నువ్వు చెబుతుంటే వింటాను.

ఇరవై ఆరున ఇక్కడ షాపులో నాలుగింటి నుంచి అయిదింటి వరకు గాజులు తుడవడం ఆపేసి మౌనం పాటిస్తాను. నాన్నకి ఆ మౌనానికీ మామూలు రోజులకీ తేడా తెలియదనుకో.

గిరి.


నాగాయలంక,
ఆగస్టు 4.

గిరీ,

వచ్చింది! ఉద్యోగం వచ్చింది! శుక్రవారం కాయితం వచ్చింది. సాయంత్రాలు నాలుగు నుంచి ఏడు వరకు మూడు బ్యాచ్‌లు. మావయ్యగారు ఆ కాయితాన్ని సాహెబ్ గారి షాపులో, కృపాకుమారి గారి ఇంట్లో, బస్సు స్టాపులో మొత్తం తొమ్మిది చోట్ల చదివి వినిపించారు. వీధి మళ్ళీ మా ఇంటికొచ్చింది, ఈసారి ఓదార్పుకి కాదు, స్వీట్లతో.

ఇరవై ఆరు సంగతి పూర్తిగా చెప్పాలి. మూడున్నరకే నేను బోదె ఆపేశాను. సాహెబ్ గారు పాటలు కట్టేసి, ఆ నిశ్శబ్దంలో మిషను చప్పుడు కూడా గదిలోకి వస్తుందేమోనని మా అరుగు మీదికొచ్చి చేత్తో గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నారట. అత్తయ్యగారు ముందు రోజే గుడివాడ నుంచి వచ్చారు. పాపం ఆవిడకి ఇదంతా ఏం తెలుసు? అయినా నల్ల కళ్ళజోడుతో వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, "ఇవాళ మిక్సీ వెయ్యను, చెయ్యి నొప్పిగా ఉంది. కుక్కరూ పెట్టను" అని కూర్చున్నారు. ఎంత కలిసొచ్చిందో చూడు.

నాలుగింటికి మొదలుపెట్టాను. అదే పుణే పిల్ల. అయిదు నిమిషాలకి బొమ్మ ఒక్కసారి కొంచెం బిగుసుకుంది. ఎవరు? అందరూ ఆపేశారు కదా? తర్వాత తెలిసింది. మెయిన్ కాలవ మీద నాది కాక ఉన్న ఫోన్ ఒక్కటే, అది మావయ్యగారి చొక్కా జేబులో ఉంది. అందులో ఎవరో పంపిన వరి నాట్ల వీడియో దానంతట అదే దిగుతోంది. అరుగు మీద సాహెబ్ గారు, "అన్నయ్యా, మీ జేబులో లైటు వెలుగుతోంది" అన్నారట. మావయ్యగారు ఉలిక్కిపడి లేచారు. వైఫై ఆపడం ఆయనకి రాదు. అరిచి నన్ను అడగలేరు. ఫోన్ పట్టుకుని గబగబా వీధి చివరికి నడిచి వెళ్ళిపోయారు, మన నెట్ అందనంత దూరం. అక్కడ రైస్ మిల్లు గోడ పక్కన, వాన తుంపర్లో, ఫోన్ని చొక్కా లోపల దాచుకుని అయిదయ్యేదాకా నిలబడ్డారు. దారిన పోయేవాళ్ళు ఏంటండీ అంటే, "వంతు నడుస్తోంది" అన్నారట.

ఆ తర్వాత ఒక్క క్షణం ఆగలేదురా. సర్వసమాన త్రిభుజాలు చెప్పాను. పిల్ల రెండు సార్లు నన్ను తప్పు పట్టబోయి తనే తప్పని ఒప్పుకుంది. గమనించే ఆవిడ మర్నాడు ఫోన్ చేసి, "మేడమ్, మీ కనెక్షన్ చాలా బాగుందండీ, ఏం చేశారు?" అని అడిగింది. "మా మావయ్యగారు వీధి చివర నిలబడ్డారండీ" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. పర్వాలేదు.

ఆ సాయంత్రం క్లాసు అయ్యాక తలుపు తీసి బయటికి వస్తే, తడిసిన చొక్కాతో ఆయన అరుగు ఎక్కుతున్నారు. "తడి అందిందా అమ్మాయ్?" అన్నారు. "అందింది మావయ్యగారూ, పొలం నిండింది" అన్నాను. అంతే. ఇద్దరం లోపలికి వెళ్ళి టీ తాగాం.

ఇప్పుడు బోదె ఎప్పుడు తెరవాలో అందరూ నన్నే అడుగుతున్నారు. ఎవరైనా ఆయన్ని అడిగితే గర్వంగా చెప్తున్నారు: "నాకు తెలియదయ్యా, మా కోడలినడుగు."

సాహెబ్ గారు నీకు చొక్కా కుడతారట, కొలతలు పంపమన్నారు. అర్జీ రాసిన అబ్బాయి అని వీధిలో నీ పేరు మోగిపోతోంది.

పిన్ని.


మచిలీపట్నం,
ఆగస్టు 9.

మెయిన్ కాలవ అధికారిణి ఝాన్సీ పిన్నికి విజయాభినందనలు!

అమ్మ నీ ఉత్తరం చదివి చిలకలపూడి అంతా చెప్పింది. నాన్న షాపులో ఆ రోజు కొన్నవాళ్ళందరికీ ఒక జత గాజులు ఊరికే ఇచ్చాడు. నేను కూడా విజయగర్వంతో చొక్కా కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకున్నాను. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. సాహెబ్ గారి చొక్కా అబద్ధం మీద తొడుక్కోలేను పిన్నీ. పైగా ఆయన కుట్టు బిగుతు.

ఆ అర్జీలో ఒక్క ముక్క నాది కాదు. దస్తూరీ నాది, అంతవరకే.

గుడివాడలో ఆ రోజు వందన అత్తయ్య పెసరట్ల పిండి కోసం లోపలికి వెళ్ళింది. నేను మామ్మగారి మంచం పక్కన కూర్చుని, తోచక, నీ జూన్ ఉత్తరం జేబులోంచి తీసి మళ్ళీ చదువుతున్నాను. పదకొండు మందికి నంబరు చదివిన చోట నవ్వు వచ్చింది. ఆ తర్వాత వాక్యం దగ్గర ఆగిపోయింది. మామ్మగారు నల్ల కళ్ళజోడు నా వైపు తిప్పారు.

"ఏంట్రా ఆ కాయితం?"

"కరెంటు బిల్లు మామ్మగారూ."

"కరెంటు బిల్లు చూసి నవ్వినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. చదువు."

నేను వంకాయ కూర గురించి రాసినట్టు ఏదో కల్పించి చదివాను. రెండు వాక్యాలకే, "ఝాన్సీ వంకాయ తినదురా. గంతలు కళ్ళకి కట్టారు గానీ చెవులకి కాదు. సరిగ్గా చదువు" అన్నారు.

పూర్తయ్యాక ఆవిడ, "ఎవరి వైపూ మాట్లాడకపోతే ఇంకా ఏడుపు" అన్న ముక్క మళ్ళీ చదవమన్నారు. చదివాను. నీ క్లాసు తేదీ కూడా అడిగి తెలుసుకున్నారు. తర్వాత, "తెల్ల కాయితం తియ్యి" అన్నారు.

పిన్నీ, ఎక్కడా ఆగకుండా చెప్పారు. కామాలు కూడా ఆవిడే చెప్పారు. నేను మధ్యలో ఒక జోకు చేర్చబోతే, "అర్జీలో వెటకారం పనికిరాదు, పని చెడుతుంది" అని కొట్టించేశారు. మీకివన్నీ ఎలా వచ్చు మామ్మగారూ అంటే, "ప్రెసిడెంటు గారు ఇరవై ఏళ్ళు కలెక్టరుకి పెట్టిన అర్జీలు ఎవరు దిద్దారనుకున్నావు? ఆయనకి ఆవేశం ఎక్కువ, వాక్యం పూర్తవదు" అన్నారు.

"కింద పిన్ని పేరు పెట్టనా?"

"దాని పేరెందుకు? శివారు వినియోగదారు అని పెట్టు. నేనూ శివారే కదరా. వంటింట్లో నిలబడి వందనతో వీడియోలో మాట్లాడదామంటే, దాని మొహం ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆరు నెలలుగా నా కూతురి మొహం ఎదురు షాపు గుమ్మంలో నిలబడి చూసుకుంటున్నా."

ఆయన గుర్తుపడతారేమో అన్నాను. "గుర్తుపడితే మంచిదే. అడగరు" అన్నారు.

కాబట్టి ఈ మొత్తం దిగ్విజయంలో ఇంజనీరుగా, రచయితగా, వ్యూహకర్తగా నా వాటా ఏమీ లేదు. పాస్‌వర్డ్ మార్చే విద్య చెప్పాను, అది ఓడిపోయింది. రెండో లైను సంగతి నాకు తెలియదు. నేను నిజంగా చేసింది ఒక్కటే. ఎవరికి చెప్పవద్దని నువ్వు రాశావో ఆవిడకే, నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఆ ఏడుపు ముక్క మాత్రం రెండు సార్లు, చదివి వినిపించాను.

గిరిధర్.